నీళ్ళు ఎన్ని? నీళ్ళు ఎంత?

మా మేనకోడలు ఆమదాలవలసలో ఏడో తరగతి చదువుతోంది. మొన్న ఇంగ్లీషు పరీక్షలో ‘హౌ మెనీ వాటర్’ అని రాసి మార్కు పోగొట్టుకుంది. ‘నీళ్ళు లెక్కపెట్టలేం కదమ్మా, అందుకే మచ్ రాయాలి’ అన్నాను. ‘మరి నీళ్ళు ఉన్నాయి అంటాం కదత్తా! బిందెలో ఎన్ని నీళ్ళున్నాయని నువ్వే అడుగుతావు’ అంది. నాకు జవాబు దొరకలేదు. రెండు రోజులుగా వంటింట్లో అదే ఆలోచన.

పాలు పొంగాయి, నీళ్ళు కాగాయి. నూనె మాత్రం కాగింది. కందులు ఎండాయి; అవే తిరగట్లో పడి కందిపప్పు అయితే ఉడికింది. పెసలూ మినుములూ శనగలూ ఇంతే, బద్దలయ్యాక ఏకవచనంలోకి వచ్చేస్తాయి. వడ్లు అలా లొంగవు. దంచినా ‘బియ్యం అయిపోయాయి’ అనే అంటాం, అన్నమయ్యాకే ‘ఉడికింది’. మన పలాసలో జీడిపిక్కలు ఎండుతాయి, జీడిపప్పు వేగుతుంది. ఇంగ్లీషువాళ్ళకు జీడిపప్పు లెక్కకొచ్చే మాట, క్యాషూస్. రైస్ మాత్రం బియ్యమైనా అన్నమైనా లెక్కకు రాదు.

కాబట్టి ‘లెక్కపెట్టగలిగితే మెనీ’ అన్న సూత్రం పిల్లలకు చాలదు. డబ్బులు రోజూ లెక్కపెడతాం, అయినా మనీకి మచ్చే. మనం రెండు సలహాలిస్తాం, ఇంగ్లీషులో అడ్వైస్‌కు బహువచనమే లేదు, ‘టూ పీసెస్ ఆఫ్ అడ్వైస్’ అనాలి. ఫర్నిచర్, లగేజీ, ఇన్ఫర్మేషన్ కూడా అంతే. న్యూస్‌కు చివర ‘స్’ ఉన్నా అది ఏకవచనమే. ఇవి మాట మాటగా గుర్తుపెట్టుకోవలసినవి. మీరెలా నేర్పుతున్నారు?

— విజయనగరం నుంచి: ‘ఎన్ని నీళ్ళు’ అనడమే తప్పు మేడమ్. ‘ఎంత నీరు’ అనాలి. ముందు తెలుగు సరిచేస్తే ఇంగ్లీషు అదే వస్తుంది.

— ‘ఎంత నీరు’ కూడా సరైనదే మాస్టారూ, నీరు ఏకవచనం గనక. నీళ్ళు బహువచనం, దానికి ‘ఎన్ని’ సహజంగా వస్తుంది. ‘ఎన్ని పాలు పొయ్యమంటారు’ అని అడిగే మనిషిది తప్పంటే నేను ఒప్పుకోలేను. మన శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి గారు సవర గిరిజనులు మాట్లాడే భాషను నేర్చుకుని దానికి వ్యాకరణం రాశారు. జనం నోట ఉన్న మాటకు మనం కూడా ఆ మర్యాద ఇవ్వాలి. పైగా మన లెక్క ఇంగ్లీషు కంటే సూక్ష్మం: ఆవులు ఎన్ని, మనుషులు ఎంతమంది. వాళ్ళకు రెండింటికీ మెనీయే.

— అక్కా, ‘ఫ్యూ’కీ ‘ఎ ఫ్యూ’కీ తేడా మా పిల్లలకు ఎంత చెప్పినా ఎక్కడం లేదు.

— వంటింటి నుంచే చెప్పి చూడండి. ‘ఎ లిటిల్ మిల్క్’ అంటే కాసిన్ని పాలున్నాయి, టీకి సరిపోతాయి. ‘లిటిల్ మిల్క్’ అంటే పాలు అట్టే లేవు, టీ అవదు. మామిడిపళ్ళకైతే ‘ఎ ఫ్యూ’ అంటే కొన్ని ఉన్నాయి, రండి తిందాం. ‘ఫ్యూ’ అంటే ఒకటీ అరా తప్ప లేవు. మా పిల్లకు నిన్న ఇలాగే చెప్పాను. గిన్నె మూత తీసి చూసి, ‘లిటిల్ మిల్క్ అత్తా’ అని చెంబు పట్టుకుని పాలకు వెళ్ళింది.