సీరియల్ నంబర్లలో సున్నాలు మాయం, పొద్దున్న నుంచి ఇదే గోల. ఎవరైనా చెప్పండి

జయపురం రికార్డ్స్ (రాత్రి 10:52)
పొద్దున్న తొమ్మిదికి కూర్చున్నాను, ఇంకా లేవలేదు. భోజనం కూడా ఈ కుర్చీలోనే. మేము ముగ్గురం కలిసి ఒడిశా జయపురంలో చిన్న ఆఫీసు నడుపుతున్నాం. హైదరాబాద్‌లో విమానాల మెయింటెనెన్స్ చేసే ఒక సంస్థ పాత కాగితాలు పంపిస్తుంది. ఏ పార్టు ఎప్పుడు బిగించారు, ఎన్ని గంటలు, ఎన్ని సైకిల్స్ (ఒకసారి ఎగిరి దిగితే ఒక సైకిల్) తిరిగింది అన్నవి షీట్‌లోకి ఎక్కించి ఇవ్వాలి. మొన్నటిదాకా చేత్తోనే కొట్టేవాళ్ళం. పోయిన నెల ఏఐతో ఆటోమేషన్ పెట్టించాం, అప్పు చేసి మరీ.

ఇప్పుడు అంతా తప్పులే. సీరియల్ నంబర్ 0047 అని కాగితం మీద స్పష్టంగా ఉంటే షీట్‌లో 47 వస్తోంది. ఒక పార్ట్ నంబర్ ఏకంగా తారీఖు అయిపోయింది! 8 ఉన్నచోట బీ, బీ ఉన్నచోట 8. ఏఐకి నాలుగు రకాలుగా చెప్పి చూశాను, ఫలితం లేదు. ఏ ఏఐకి మారితే ఇది పోతుంది? రేపు మధ్యాహ్నం 12కి 412 కాగితాలు ఇవ్వాలి.

ముక్తసరి (10:58)
ఏ టూలు? ఏ ఫైలు? ఏదీ చెప్పకపోతే ఎలా?

జయపురం రికార్డ్స్ (11:01)
అందరూ వాడేదే అండీ. కాగితం ఫొటో ఇస్తే చదివి షీట్ ఇస్తుంది.

బరంపురం బాబాయ్ (11:04)
బాబూ, అందుకే అంటాను ఏఐని నమ్ముకోకూడదని. మా బ్యాంకులో కంప్యూటర్లు వచ్చినప్పుడూ ఇంతే, లెడ్జర్ పక్కన పెట్టుకుని ఏడాది పాటు రెండు చోట్లా రాశాం. మనిషి కన్ను మనిషి కన్నే.

ప్రాణహిత (11:07)
ముందుగాల ఒక మాట. మీరు చెప్పేదాన్ని ఉత్త ఏఐ అంటే సరిపోదు, అది ఓసీఆర్. అక్షరం చూసి గుర్తుపట్టుడు ఎప్పటి నుంచో ఉన్నదే. ఒక పని అయినంక ఇంకోటి దానంతట అదే జరిగితే అది ఆటోమేషన్. రాబోయే పాడును ముందే అంచనా కట్టుడు ఏఐ చేసే ఇంకో పని. ఇప్పుడు మా సిరొంచల మోటారు స్టార్టర్‌కి కూడా ఏఐ అని స్టిక్కర్ వేసి అమ్ముతున్నరు.

బరంపురం బాబాయ్ (11:09)
పేరు ఏదైతే ఏం, తప్పు తప్పే కదా.

ప్రాణహిత (11:10)
పేరు తప్పైతే మందు తప్పైతది బాబాయ్.

సునాబెడ రిటైర్డ్ (11:19)
నాయనా, నేను ఇంజిన్ ఫ్యాక్టరీలో 31 ఏళ్ళు చేశాను. మిగ్-21 ఇంజిన్ల రోజుల నుంచి సుఖోయ్-30కి వేసే ఏఎల్-31ఎఫ్‌పీ దాకా చూశాను. నీకు అది ఒక్క సున్నాలా కనిపిస్తోంది. 0047, 47 రెండూ వేరు వేరు పార్టులు కావచ్చు.

1990 జూన్ 10న బర్మింగ్‌హామ్ నుంచి మలగా వెళ్తున్న బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానంలో, 17 వేల అడుగులు దాటాక, కెప్టెన్ ముందున్న అద్దం ఊడిపోయింది. ఆయన సగం బయటికి వెళ్ళిపోయాడు. లోపలివాళ్ళు కాళ్ళు పట్టుకుని ఆపితే, కో-పైలట్ సౌతాంప్టన్‌లో దింపాడు. కెప్టెన్ బతికాడు. ఆ అద్దం బిగించి 27 గంటలే అయింది. 90 బోల్టుల్లో 84 సన్నవి పడ్డాయి. వేయాల్సింది ఏ211-8డీ, వేసింది ఏ211-8సీ. లావులో తేడా అంగుళంలో 0.026 వంతు. బిగించినతను పాత బోల్టు పక్కన కొత్తది పెట్టి కంటితో సరిచూసుకున్నాడు. పార్టుల జాబితా పుస్తకంలో నంబరు చూసుకోలేదు.

బ్యాంకు బాబుగారు మనిషి కన్ను అన్నారు కదా. అక్కడ పొరపడింది కూడా మనిషి కన్నే.

బరంపురం బాబాయ్ (11:23)
నేను బోల్టుల గురించి అనలేదండీ.

హ్యాంగర్ నైట్ షిఫ్ట్ (11:31)
తమ్ముడూ, మాది రాయగడ. ఇప్పుడు శంషాబాద్‌లో ఏఎంఈని, అంటే విమానాల మెయింటెనెన్స్ ఇంజినీర్‌ని. ఒకటి చెప్పు, ఆ కాగితాలు మీకు ఎలా వస్తాయి? స్కానర్‌లో వేసిన పీడీఎఫా, ఫొటోనా?

జయపురం రికార్డ్స్ (11:33)
ఫొటోలన్నా. వాళ్ళ స్టోర్‌లో కుర్రాడు ఫోన్‌తో తీసి వాట్సాప్‌లో పెడతాడు.

హ్యాంగర్ నైట్ షిఫ్ట్ (11:35)
అది మొదటే చెప్పాలి కదరా! వాట్సాప్ ఫొటోని నలిపి పంపుతుంది. అసలే కార్బన్ కాపీ, దాని మీద గుండ్రటి స్టాంపు. 8కీ బీకీ తేడా ఎలా తెలుస్తుంది? నేనైనా పొరబడతాను. అదే ఫొటోని డాక్యుమెంట్‌గా పంపమను, అసలు సైజులో వస్తుంది. వీలైతే ఫ్లాట్ స్కానర్‌లో వేయమను.

జయపురం రికార్డ్స్ (11:38)
ఆ కుర్రాడు పడుకున్నాడు, ఫోన్ తీయడం లేదు. కానీ అన్నా, 0047 ఫొటోలో బాగానే కనబడుతోంది. అది 47 ఎందుకైంది?

కొత్తపల్లి పిల్లి (11:41)
జయపురంలో విమానాలు కూడా ఉన్నాయా?

బరంపురం బాబాయ్ (11:43)
ఎందుకు లేవు. 2022లో సర్వీసు మొదలైంది. తొమ్మిది సీట్ల సెస్నా కారవాన్, ఒకటే ఇంజిన్. మా వియ్యంకుడు విశాఖకి అందులోనే వెళ్ళాడు, పైలట్ వీపు కనబడుతూనే ఉందట దారంతా.

ముక్తసరి (11:46)
ఏఐ ఇచ్చే ఫైలు సీఎస్‌వీయేనా (కామాలతో విడదీసిన ఉత్త టెక్స్ట్ ఫైలు)? దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరువు. ఎక్సెల్‌లో కాదు. 0047 ఉందా, 47 ఉందా?

జయపురం రికార్డ్స్ (11:52)
అరె. 0047 అనే ఉంది. తారీఖు అయిపోయిన పార్ట్ నంబర్ కూడా 3-12 అని సరిగ్గా ఉంది. ఏఐ కరెక్ట్‌గానే చదివిందా??

ముక్తసరి (11:53)
అది చదివింది. ఎక్సెల్ తినేసింది.

ప్రాణహిత (11:55)
చెప్పిన కదా పేరు తప్పైతే మందు తప్పైతదని.

హ్యాంగర్ నైట్ షిఫ్ట్ (11:59)
సీఎస్‌వీ మీద డబుల్ క్లిక్ కొడితే ఎక్సెల్ దాని బుర్ర వాడేస్తుంది. ముందు సున్నాలు తీసేస్తుంది, 3-12ని తారీఖు అనుకుంటుంది, అంకెల మధ్య ఇంగ్లిష్ ‘E’ అక్షరం ఉంటే దాన్ని పెద్ద సంఖ్య చేసేస్తుంది. అలా సేవ్ చేశాక కాలమ్‌ని టెక్స్ట్‌గా మార్చినా పోయిన సున్నా తిరిగి రాదు. ఖాళీ షీట్ తెరిచి, డేటా ట్యాబ్‌లోంచి ఆ సీఎస్‌వీని లోపలికి తెచ్చుకో. అక్కడ డేటా రకం కనిపెట్టవద్దని ఒక ఆప్షన్ ఉంటుంది, అది పెట్టు. పార్ట్ నంబర్, సీరియల్ రెండూ టెక్స్టే. గంటలు, సైకిల్స్ మాత్రం తర్వాత నంబర్లుగా మార్చుకో.

ఇంకొకటి. ఓవర్‌హాల్ తర్వాతి గంటల కాలమ్‌లో సున్నాలు ఎక్కువగా ఉన్నాయా?

జయపురం రికార్డ్స్ (రాత్రి 12:06)
చాలా ఉన్నాయన్నా. వర్క్‌షాపు నుంచి వచ్చిన పార్టు కాబట్టి సున్నా అని దానికి మేమే రూల్ పెట్టాం.

హ్యాంగర్ నైట్ షిఫ్ట్ (12:08)
ఎవరు చెప్పారు? పార్టుతో వచ్చే రిలీజ్ ఫారం 11వ గడిలో, అంటే ఏ పని చేశారో రాసే చోట, ఏముందో చూసే రాస్తున్నారా?

బరంపురం బాబాయ్ (12:10)
రిపేర్ అన్నా ఓవర్‌హాల్ అన్నా ఒకటే కదా, బాగు చేయడమే.

సునాబెడ రిటైర్డ్ (12:14)
అయ్యో, ఆ మాట మా షాపులో అని ఉంటే మిమ్మల్ని లాగ్ కార్డు దగ్గరికి కూడా రానిచ్చేవాళ్ళు కాదు. స్కూటర్ పంక్చర్ వేస్తే రిపేర్. ఇంజిన్ మొత్తం విప్పి, ప్రతి ముక్కా కొలిచి, పుస్తకం ప్రకారం మళ్ళీ కట్టి టెస్ట్ చేస్తే ఓవర్‌హాల్. ఓవర్‌హాల్ అయితేనే ఆ లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. రిపేర్ అయితే పాత గంటలు అలాగే నడుస్తాయి. ఇక ఆయుష్షు నిర్ణయించిన, ఇంజిన్‌లో తిరిగే డిస్కుల్లాంటి వాటికి, పుట్టినప్పటి నుంచి తిరిగిన సైకిల్స్ ఓవర్‌హాల్ చేసినా సున్నా కావు.

హ్యాంగర్ నైట్ షిఫ్ట్ (12:17)
అదే నా భయం. 1500 గంటలు తిరిగిన పార్టుని మీ షీట్ కొత్తదిలా చూపిస్తే, నాలాంటివాడు దాన్ని నమ్మి సంతకం పెడతాడు. ఏఐ లైసెన్సు పోదు, నాది పోతుంది. ఆ రూల్ తీసెయ్. గడి ఖాళీగా ఉంటే ఖాళీగానే వదలమను, ఊహించి నింపొద్దని చెప్పు. అలాంటి కాగితాలు విడిగా తీసి చేత్తో చూడండి.

బరంపురం బాబాయ్ (12:20)
అంటే ఆఖరికి చేత్తోనే కదా.

ప్రాణహిత (12:21)
412 కాదు బాబాయ్, ఓ ముప్పై.

జయపురం రికార్డ్స్ (రాత్రి 1:34)
సున్నాలు వచ్చేశాయి, థ్యాంక్స్ అన్నా. రిపేర్ అని ఉన్నవి 38 తేలాయి, అవి పొద్దున్న. కరెంటు పోయింది, యూపీఎస్ అరుస్తోంది.

హ్యాంగర్ నైట్ షిఫ్ట్ (1:37)
వాళ్ళకి ఇంతకుముందు ఇచ్చిన షీట్లలో కూడా ఇదే రూల్ ఉందా?

కొత్తపల్లి పిల్లి (పొద్దున్న 6:15)
అన్నా, ఏఎంఈ కోర్సుకి ఇంటర్ ఎంపీసీ ఉంటే సరిపోతుందా? ఫీజు ఎంత?

ముక్తసరి (6:40)
వేరే పోస్ట్ పెట్టు.