అప్‌డేట్: హుక్ సెట్ చేయగానే లైన్ తెగే సమస్య తీరింది

గత నెల అడిగాను కదా, డాలస్ దగ్గర లూయిస్‌విల్ లేక్‌లో టెక్సస్ రిగ్ (హుక్ మొన మెత్తటి ప్లాస్టిక్ ఎరలో దాగేలా గుచ్చే పద్ధతి) వేసి చేపలు పడుతుంటే, బాస్ చేప ఎర అందుకుని, హుక్ దిగేలా నేను రాడ్ ఎత్తగానే 12 పౌండ్ల బరువు తట్టుకునే ఫ్లోరోకార్బన్ లైన్ పుటుక్కున తెగుతోందని. సలహా ఇచ్చిన అందరికీ థ్యాంక్స్.

నా అనుమానమంతా ముడి మీదే. హుక్‌కి వేసే పాలోమార్ ముడిని తడిపి బిగించాను, కొత్త లైన్ స్పూల్ కొన్నాను, రీల్‌లో డ్రాగ్ (లైన్‌ని పట్టి ఉంచే బ్రేకు) వదులు చేశాను. ఏం తేడా రాలేదు, డబ్బు దండగ. అసలు ముడి దగ్గర తెగితే కదా! రాడ్ కొసకి దగ్గర్లో తెగేది, తెగిన చోట గరుగ్గా గీసుకుపోయినట్టు ఉండేది. అప్పుడే ఈ సంగతి చెప్పకపోవడం నా తప్పు.

"గైడ్లలో ఇయర్ బడ్ తిప్పి చూడండి" అన్న సలహాయే పని చేసింది (గైడ్లంటే రాడ్ పొడవునా లైన్ దూరి వెళ్లే రింగులు). కొస గైడ్‌లో దూది పోగులు చిక్కుకున్నాయి. టాకిల్ షాపులో (చేపలు పట్టే సామాన్ల కొట్టు) భూతద్దం పెట్టి చూస్తే లోపలి సిరామిక్ రింగులో సన్నటి పగులు. బహుశా కారు డిక్కీ తలుపు తగిలి ఉంటుంది. లైటర్‌తో వేడి చేసి పాతది లాగేసి, అదే సైజుది హాట్ గ్లూతో అతికించారు. పది నిమిషాల పని. గీసుకుపోయిన లైన్ ఓ పది గజాలు కోసి పారేశాను.

నిన్న నాలుగు బాస్‌లు పడ్డాయి, ఒక్కసారీ తెగలేదు.