లైకా ప్రయాణం వల్ల నిజంగా ఏం తెలిసింది? తెలిసినవాళ్లు చెప్పండి

నమస్కారమండీ. మా అమ్మాయి ఏడో తరగతి. సైన్స్ ప్రాజెక్టు కోసం, అంతరిక్షంలోకి పంపిన కుక్క లైకా గురించి చదివినప్పటి నుంచీ ఒకటే అడుగుతోంది: "తిరిగి తీసుకురాలేమని తెలిసి కూడా ఎందుకు పంపారు నాన్నా?" సరైన జవాబు చెప్పలేకపోతున్నాను.

మాస్కో వీధికుక్క అది. 1957 నవంబర్ 3న సోవియట్ ఉపగ్రహం స్పుత్నిక్-2లో పంపారు. రాకెట్ లేచేటప్పుడు దాని గుండె నిమిషానికి 103 నుంచి 240 సార్లకు పెరిగింది. కేబిన్ వేడెక్కి కొన్ని గంటల్లోనే చనిపోయింది. ఆ నిజం బయటపడింది 2002లో! ప్రయాణానికి ముందు డాక్టర్ యాజ్దోవ్‌స్కీ దాన్ని ఇంటికి తీసుకెళ్లి, తన పిల్లలతో ఆడుకోనిచ్చారట. అక్కడికి రాగానే మా పాప పుస్తకం మూసేసింది. నాకూ గొంతు పట్టేసింది.

నా సందేహం ఇదీ. గుండె, ఊపిరి లెక్కలు రేడియోలో కిందికి వచ్చాయి, సరే. కానీ లోపల అంత వేడి ఉన్నప్పుడు, ఆ మార్పుల్లో భారరహిత స్థితి వల్ల వచ్చింది ఎంత, వేడి వల్ల, భయం వల్ల వచ్చింది ఎంత అని ఎలా విడదీశారు? 1961లో మొదటి మనిషిగా గగారిన్‌ని అంతరిక్షంలోకి పంపడానికి ధైర్యం ఇచ్చింది లైకానా, లేక 1960 ఆగస్టులో క్షేమంగా తిరిగొచ్చిన బెల్కా, స్ట్రెల్కా అనే కుక్కలా?

స్పేస్ మెడిసిన్ తెలిసినవాళ్లు, రష్యన్ చదవగలిగినవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త వివరంగా రాయండి. సోమవారం ప్రాజెక్టు ఇవ్వాలి. పాపకి అబద్ధం చెప్పి ఊరుకోబెట్టడం నాకు ఇష్టం లేదు.