అప్‌డేట్: ఐరన్ మాత్ర వేస్తున్నా పాపకు హిమోగ్లోబిన్ పెరగట్లేదు (కారణం తెలిసింది)

బడిలో ఇచ్చే వారానికో ఐరన్ మాత్ర ఏడాదిగా వేసుకుంటున్నా మా పద్నాలుగేళ్ల పాపకు హిమోగ్లోబిన్ 9.2 దాటట్లేదని ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్.

"వారం మాత్ర రక్తహీనత రాకుండా కాపాడేందుకే, వచ్చాక అది సరిపోదు" అని ఒకరు రాశారు. చివరికి అదే నిజమైంది. డాక్టరు ఫెరిటిన్ టెస్టు చేయిస్తే ఐరన్ నిల్వలు దాదాపు అడుగంటాయని తేలింది. నెలసరిలో రక్తం ఎక్కువ పోతోందని కూడా అప్పుడే బయటపడింది. పాప మాకు చెప్పనేలేదు, మేమూ అడగలేదు. రోజూ వేసుకునే మాత్ర రాశారు, నెలసరికి విడిగా మందు ఇచ్చారు.

మా వల్ల జరిగిన తప్పు ఇంకోటుంది. మరిచిపోకుండా ఉంటుందని కాల్షియం మాత్ర, ఐరన్ మాత్ర ఒకేసారి మింగించేదాన్ని. కాల్షియం ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదట! ఇప్పుడు ఒకటి పొద్దున, ఒకటి రాత్రి.

తలసేమియా (పుట్టుకతో వచ్చే రక్తజబ్బు) ఉందేమోనన్న అనుమానం తీరిపోయింది, టెస్టు నార్మల్. నులిపురుగులూ లేవు.

మొదటి వారం మలం నల్లగా వస్తే హడలిపోయాం. ఐరన్ వేసుకుంటే అది మామూలేనట. రెండు నెలలకు 11.6 వచ్చింది. ఈ వయసు ఆడపిల్లలకు 12 ఉండాలి. అది వచ్చాక కూడా నిల్వలు నిండేదాకా ఇంకో మూడు నెలలు మానొద్దన్నారు.