ఒకే కష్టం ఒకసారి వామపక్షానికి, మరోసారి మితవాద పక్షానికి ఎలా బలమవుతోంది?

ప్రశ్న (డిగ్రీ విద్యార్థిని, అనంతపురం):
1952లో కమ్యూనిస్టు నేత తరిమెల నాగిరెడ్డి గారు తాను జైలులో ఉండగానే కాంగ్రెస్ నేత నీలం సంజీవరెడ్డి గారిని ఎన్నికలో ఓడించిన ఊరు మాది. ఆ ఎర్రజెండా బలం తర్వాత నిలవలేదు. అమెరికాలోని వెస్ట్ వర్జీనియా గురించి చదివినప్పుడు అదే సందేహం కలిగింది. ఆ బొగ్గుగనుల రాష్ట్రం 1988, 1992, 1996లలో వామపక్షం వైపు మొగ్గే డెమోక్రాట్ల పక్షాన నిలిచి, 2000 నుంచి ప్రతి అధ్యక్ష ఎన్నికలోనూ మితవాదులైన రిపబ్లికన్లనే గెలిపిస్తోంది. 2016లో పార్టీ అభ్యర్థిని ఎంచుకునే డెమోక్రాట్ల ప్రాథమిక ఎన్నికలో వామపక్ష భావాల బెర్నీ శాండర్స్‌కు మొత్తం 55 కౌంటీలనూ (జిల్లాల వంటివి) కట్టబెట్టిన ఆ రాష్ట్రమే నవంబరులో ట్రంప్‌ను భారీ ఆధిక్యంతో గెలిపించింది. మారింది ప్రజలా, పార్టీలా?

సమాధానం (రాజనీతిశాస్త్ర అధ్యాపకుడు, కర్నూలు):
అమ్మా, అమెరికా దక్షిణాదిన జార్జియా రాష్ట్రపు రైతు నాయకుడు టామ్ వాట్సన్ జీవితం చూస్తే విషయం బోధపడుతుంది. 1890లలో జార్జియా పత్తి రైతు, మన దగ్గర వేరుశనగ విత్తనానికి మండీలో అప్పు తెచ్చి పంటను అక్కడికే తోలినట్టు, పైరు ఎదగకముందే దాన్ని దుకాణదారుకు తాకట్టు పెట్టేవాడు. ఆ రైతుల పాపులిస్టు పార్టీ 1892లో రైల్వేలు ప్రభుత్వపరం కావాలని, ఆదాయాన్నిబట్టి పెరిగే పన్ను వేయాలని కోరింది. మీ ఇద్దరినీ విడదీసి దోచుకుంటున్నారని తెల్ల, నల్ల రైతులకు ఆ పార్టీ నేతగా వాట్సన్ నచ్చజెప్పేవారు. తన తరఫున ప్రచారం చేసిన ఒక నల్లజాతి బోధకుడికి ప్రాణాపాయం వస్తే, కాపలాకు తుపాకులతో తెల్ల రైతులను రప్పించారు. పార్టీ కూలిపోయాక ఆయనే నల్లవారి ఓటుహక్కు తీసివేయాలన్నారు, 1920లో సెనేట్‌కు (అమెరికా పార్లమెంటు ఎగువసభకు) గెలిచారు. రైతు అప్పు తీరలేదు, వేలు చూపే దిక్కు మాత్రం పైనున్న వడ్డీవ్యాపారి నుంచి కిందనున్న బలహీనుడి మీదికి మళ్లింది. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

సమాధానం (న్యాయవాది, కడప):
సార్ చెప్పినదానితో ఏకీభవిస్తాను గానీ, పార్టీలు కూడా మారాయి. 1964లో డెమోక్రాట్ అధ్యక్షుడు జాన్సన్ జాతి వివక్షను నిషేధించే పౌరహక్కుల చట్టంపై సంతకం చేశాక, దానికి వ్యతిరేకంగా ఓటేసిన రిపబ్లికన్ అభ్యర్థి గోల్డ్‌వాటర్ అధ్యక్ష ఎన్నికలో దేశం మొత్తమ్మీద ఓడినా, సొంత రాష్ట్రం ఆరిజోనాతో పాటు దక్షిణాదిన 5 రాష్ట్రాలు గెలిచారు. ఆ దక్షిణాది రాష్ట్రాలు అంతకుముందు దశాబ్దాలపాటు డెమోక్రాట్లకు పెట్టని కోటలు. కాబట్టి ఆర్థిక కష్టమొక్కటే కారణమంటే జాతి విషయాన్ని దాటవేసినట్టవుతుంది.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. అయితే ఈ మధ్యకాలంలో కూడా కష్టం ఒకటే అయి, దారులు రెండైన సందర్భం ఉందా?

సమాధానం (అధ్యాపకుడు, కర్నూలు):
ఉందమ్మా. 2008లో బ్యాంకులను ప్రభుత్వ సొమ్ముతో ఆదుకున్నారన్న కోపం 2009లో టీ పార్టీ అనే మితవాద ఉద్యమానికీ, 2011లో ఆక్యుపై వాల్‌స్ట్రీట్ అనే వామపక్ష ఉద్యమానికీ ఊపిరిపోసింది. టీ పార్టీవారు రిపబ్లికన్ ప్రాథమిక ఎన్నికల్లో తమవారిని నిలబెట్టి 2010లో ప్రతినిధుల సభను ఆ పార్టీ చేతికి తేవడానికి తోడ్పడ్డారు. ఆక్యుపైవారు న్యూయార్క్ జుకోటీ పార్కులో గుడారాలు వేసుకున్నారే తప్ప అభ్యర్థులను నిలబెట్టలేదు, నవంబరులో పోలీసులు ఆ గుడారాలను తొలగించారు.