లక్ష్మణఫలం ఆకుల కషాయం రోజూ తాగొచ్చా?

మా అమ్మకు 64 ఏళ్లు. నిద్ర పట్టడం లేదని రెండు నెలలుగా రోజూ రాత్రి లక్ష్మణఫలం ఆకులు మరిగించి తాగుతోంది. అదే, సీతాఫలం జాతిదే, ఆకుపచ్చ తొక్క మీద మెత్తటి ముళ్లుండే పెద్ద పండు. నిద్ర బాగా పడుతోందంటోంది, ఆ మాట కొట్టిపారేయలేను. కరీబియన్ దీవుల్లోనూ నిద్రకీ, బీపీకీ ఈ ఆకుల టీ తాగడం పాత అలవాటే.

నా టెన్షన్ ఏంటంటే, ఈ మొక్కలో అనోనాసిన్ అనే పదార్థం ఉంటుంది, ప్రయోగశాలలో అది నాడీకణాలను దెబ్బతీసింది. కరీబియన్‌లోని గ్వాడెలోప్ దీవిలో ఈ పండ్లు, ఆకుల టీ ఎక్కువగా తీసుకునేవాళ్లలో పార్కిన్సన్ (వణుకు వచ్చి, కదలికలు నెమ్మదించే నాడీ జబ్బు) లాంటి జబ్బు కనిపించిందని 1999లో పరిశోధకులు రాశారు. ఇదే కారణమని తేలలేదు కానీ నాకు భయంగానే ఉంది. పైగా అమ్మ బీపీ మాత్ర వేసుకుంటుంది, ఈమధ్య మంచం మీంచి లేవగానే కళ్లు తిరుగుతున్నాయట. కషాయం బీపీని మరీ దించేస్తోందా?

డాక్టర్‌కి చూపించేదాకా ఆపమన్నాను, వినడం లేదు. మీ ఇంట్లో ఎవరైనా బీపీ మందులతో పాటు ఇది వాడారా? ఎన్నాళ్లు, ఎన్ని ఆకులు? మానేశాక కళ్లు తిరగడం తగ్గిందా? ఆయుర్వేదం తెలిసినవాళ్లు, ఫార్మసిస్టులు ఉంటే దయచేసి చెప్పండి.