డబ్బాపాలకు నీళ్లు ఎంత వేడిగా ఉండాలి, సీసాలు ఎంతసేపు మరిగించాలి?

ప్రశ్న:
పాపకి ఆరో వారం నడుస్తోంది, డబ్బాపాలే పడుతున్నాం. పొద్దున్నే నీళ్లు ఇరవై నిమిషాలు మరిగించి, పూర్తిగా చల్లార్చి, సీసాలో పోసి పెట్టుకుంటాం. రోజంతా వాటితోనే పాలు కలుపుతాం. డబ్బా మీద గోరువెచ్చని నీళ్లు వాడమని ఉంది, ఆస్పత్రిలో ఇచ్చిన కాగితంలో మాత్రం 70 డిగ్రీలు అని ఉంది. దేన్ని పాటించాలి? ఇంకో విషయం, మరిగించిన పాలసీసాల లోపల తెల్లటి పొర కడుతోంది. అది పాలేనా?

జవాబు (నవజాత శిశువుల వార్డు నర్సు):
ఆస్పత్రి కాగితమే పాటించండి. మీరు నీళ్లలో ఉన్న క్రిముల్ని చంపుతున్నారు గానీ పొడిలో ఉన్నవాటిని వదిలేస్తున్నారు. పాలపొడి క్రిమిరహితం కాదండీ. సీలు తీయని కొత్త డబ్బాలో కూడా క్రోనోబాక్టర్, సాల్మొనెల్లా లాంటి బ్యాక్టీరియా కొద్దిగా ఉండే అవకాశం ఉంది. పొడిగా ఉన్నంతకాలం అవి పెరగవు, కానీ చావవు కూడా. గోరువెచ్చని నీళ్లు తగిలాయంటే వాటికి పండగే. క్రోనోబాక్టర్ జబ్బు అరుదే అయినా, వచ్చిందంటే రక్తానికీ మెదడు పొరలకీ పాకుతుంది. రెండు నెలల లోపు పిల్లలకీ, నెలలు నిండకుండా పుట్టినవాళ్లకీ ప్రమాదం ఎక్కువ. మీ పాప ఆ వయసులోనే ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ఇచ్చిన మార్గదర్శకాల్లో నీళ్లు 70 డిగ్రీల సెల్సియస్‌కి తగ్గకూడదని చెప్పింది ఇందుకే.

కలిపే పద్ధతి ఇది. చేతులు సబ్బుతో కడుక్కోండి, గట్టు తుడవండి. అప్పుడే పట్టిన నీళ్లు మరిగించి దించండి. లీటరు నీళ్లయితే మూతపెట్టి అరగంట లోపు వాడేయాలి, ఆ తర్వాత వేడి 70 కిందికి దిగిపోతుంది. ముందు సీసాలో నీళ్లు పోయండి, తర్వాతే పొడి వేయండి. మూత బిగించి బాగా కలిశాక, సీసాని కుళాయి ధార కింద గానీ చన్నీళ్ల గిన్నెలో గానీ పెట్టి చల్లార్చండి. గిన్నెలో నీళ్లు సీసా మూత అంచు దాకా రాకూడదు, వస్తే ఆ పచ్చినీళ్లు పీక దగ్గరికి చేరతాయి. మణికట్టు లోపలివైపు రెండు చుక్కలు వేసుకుని చూసి, చురుక్కుమనకపోతే పట్టండి.

జవాబు (మరో సభ్యుడు):
లీటరు అన్న మాట వదిలేయకండి. చాలామంది గ్లాసుడు నీళ్లు చిన్న గిన్నెలో మరిగించి, మూత లేకుండా అరగంట ఉంచి, "అరగంటలోపే కదా" అనుకుంటారు. అన్ని తక్కువ నీళ్లు పది, పదిహేను నిమిషాల్లోనే 70 కిందికి పోవచ్చు. వంటకి వాడే థర్మామీటరు ఒకటి కొనుక్కుని మీ గిన్నె సంగతి మీరే తేల్చుకోండి. జ్వరం చూసేది పెట్టకండి, దాని కొలత 42, 43 దగ్గరే ఆగిపోతుంది.

ప్రశ్న అడిగినవారు:
అంత వేడి నీళ్లకి పొడిలో విటమిన్లు పోవా? డబ్బా కంపెనీ వాళ్లు ఊరికే గోరువెచ్చన అని రాయరు కదా.

జవాబు (నర్సు):
కొన్ని విటమిన్లు, ముఖ్యంగా విటమిన్ సి, కొంత తగ్గుతాయి. 70 డిగ్రీల దగ్గర ఆ నష్టం ఓర్చుకోదగినదే. సలసల మరుగుతున్న నీళ్లు పోస్తేనే ఎక్కువ పోతాయి, పొడి ఉండలు కూడా కడుతుంది. అందుకే దించాక కొద్ది నిమిషాలు ఆగి పోయమనేది. కొన్ని డబ్బాల్లో మేలు చేసే బ్యాక్టీరియా కలుపుతారు, అవి ఈ వేడికి చచ్చిపోతాయి. కంపెనీలు గోరువెచ్చన అని రాయడానికి అదీ ఒక కారణం. రెండు నెలలు నిండని బిడ్డ విషయంలో నేనైతే ఆ బ్యాక్టీరియా కోసం వేడి తగ్గించను. మీ డబ్బా ఆ రకమే అయితే పిల్లల డాక్టరుని అడిగి నిర్ణయించుకోండి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకైతే పొడి బదులు, కలిపి సీలు చేసి వచ్చే ద్రవరూపం పాలు దొరుకుతాయేమో కూడా అడగండి. అవి క్రిమిరహితంగానే వస్తాయి.

జవాబు (ఇంకో సభ్యురాలు):
చిన్న చిట్కా. సగం మరిగే నీళ్లలో పొడి కలిపేసి, మిగతా సగం కాచి చల్లార్చిన నీళ్లు పోస్తే వెంటనే పట్టడానికి వీలుగా ఉంటుంది, బిడ్డ ఏడుస్తూ ఎదురుచూడక్కర్లేదు.

జవాబు (నర్సు):
ఈ చిట్కాని నేను ఒప్పుకోలేనండీ. కొద్దిపాటి వేడినీళ్లలో గది చల్లదనంలో ఉన్న పొడీ, సీసా గోడలూ కలిసి వేడిని చటుక్కున లాగేసుకుంటాయి. మరిగే నీళ్లే అనుకున్నా, పొడి తడిసేటప్పటికి 70 ఉంటుందన్న నమ్మకం లేదు. పైగా రెండుసార్లు నీళ్లు పోయడంలో కొలత తప్పుతుంది. నీళ్లన్నీ ఒకేసారి వేడిగా పోసి సీసాని బయటినుంచి చల్లార్చడమే మంచిది. 90 మి.లీ. సీసా చన్నీళ్లలో పెట్టి మధ్యమధ్య కదుపుతుంటే కొద్ది నిమిషాల్లోనే పట్టే వేడికి వచ్చేస్తుంది.

జవాబు (తాగునీటి పరీక్షల ల్యాబ్‌లో పనిచేసేవారు):
నీళ్ల గురించి చెబుతాను. ఇరవై నిమిషాలు మరిగించడం అనవసరం, ఒక్కోసారి కీడు కూడా. బుడగలు బలంగా పైకి తన్నుతూ ఒక నిమిషం మరిగితే నీళ్లలో రోగం తెచ్చే క్రిములు చస్తాయి. సముద్రమట్టానికి 2000 మీటర్ల పైన ఉండేవాళ్లు మాత్రం మూడు నిమిషాలు ఉంచాలి, అక్కడ నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి కాబట్టి. అంతకు మించి మరిగిస్తే నీరు ఆవిరై పోతుంది గానీ అందులో కరిగిన లవణాలు పోవు, చిక్కబడతాయి. మరిగించి మిగిలిన నీళ్లనే మళ్లీ మళ్లీ మరిగించినా అంతే.

బోరు నీళ్లో, బావి నీళ్లో అయితే నైట్రేటు, ఫ్లోరైడు, ఆర్సెనిక్ తప్పకుండా పరీక్ష చేయించండి. నైట్రేటు లీటరుకి 50 మిల్లీగ్రాములు, ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములు, ఆర్సెనిక్ 0.01 మిల్లీగ్రాము దాటకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు. నైట్రేటు ఎక్కువైతే చంటిపిల్లల రక్తం ఆక్సిజన్‌ని సరిగా మోయలేదు, పెదాలూ గోళ్లూ నీలంగా మారతాయి. పాలన్నీ ఆ నీళ్లతోనే కలుపుతారు కాబట్టి పెద్దవాళ్ల కంటే బిడ్డ ఒంట్లోకి బరువుని బట్టి చాలా ఎక్కువ చేరుతుంది. యూవీ దీపం ఉన్న ఫిల్టరు క్రిముల్ని చంపుతుందే తప్ప వీటిని తగ్గించదు, ఆర్‌వో తగ్గిస్తుంది. అలాగని ఆర్‌వో నీళ్లు మరిగించకుండా వాడొద్దు. ట్యాంకులో, గొట్టంలో మళ్లీ క్రిములు చేరుతూనే ఉంటాయి. బాటిల్ నీళ్లూ క్రిమిరహితం కావు, వాటినీ మరిగించాల్సిందే. లేబుల్ మీద సోడియం లీటరుకి 200 మిల్లీగ్రాముల లోపు, సల్ఫేటు 250 లోపు ఉందో లేదో చూడండి. గీజరు నీళ్లూ, నీటి కాఠిన్యం తగ్గించడానికి ఉప్పుతో పనిచేసే సాఫ్ట్‌నర్ యంత్రం నుంచి వచ్చే నీళ్లూ పాలకు వాడొద్దు.

మీ తెల్లటి పొర సంగతి. వేలితో రుద్దితే జిడ్డుగా ఉండి, సబ్బుకి పోతే అది పాలకొవ్వు. గరుకుగా ఉండి సబ్బుకి లొంగకపోతే నీటి కాఠిన్యం వల్ల పట్టిన సున్నం. వెనిగరు, నీళ్లు సమపాళ్లలో కలిపి అరగంట నానబెట్టి, బాగా కడిగి, అప్పుడు మరిగించండి. సున్నం వల్ల బిడ్డకి హాని లేదు, కానీ దాని గరుకు మీద పాలు పట్టుకుని కూర్చుంటాయి. సీసాలు మరిగించడానికి కూడా ఆర్‌వో నీళ్లే వాడితే పొర చాలావరకు రాదు. ఆవిరి స్టెరిలైజర్ అడుగున కట్టేదీ ఇదే సున్నం. దాన్ని వదిలేస్తే ప్లేటు సరిగా వేడెక్కదు.

జవాబు (మరో సభ్యుడు):
జిడ్డు పొర అయితే మాత్రం తేలిగ్గా తీసుకోకండి. పాలజిడ్డు ఉన్న సీసాని ఎంతసేపు మరిగించినా లాభం తక్కువ, ఆ జిడ్డు మాటున క్రిములు దాక్కుంటాయి. తాగిన వెంటనే చన్నీళ్లతో తొలిపి, తర్వాత వేడి సబ్బునీళ్లలో భాగాలన్నీ విడదీసి కడగండి. సీసాకి ఒక బ్రష్షు, పీకకి సన్నది ఇంకొకటి పెట్టుకోండి, వాటిని వేరే గిన్నెలకు వాడొద్దు. పీకని తిరగేసి లోపలివైపు రుద్దండి. మరలు ఉన్న రింగు సందుల్లోనూ, గాలి పోయే చిన్న వాల్వులోనూ పాలు గడ్డకట్టి కూర్చుంటాయి. కడుపునొప్పి రాదని అమ్మే సీసాల్లో ఈ భాగాలు ఐదారు ఉంటాయి. వాటిలో ఒక్కటి విడదీయకుండా వదిలేసినా కడిగినట్టు కాదు.

కడిగాక మరిగించడం. పెద్ద గిన్నెలో అన్నీ పూర్తిగా మునగాలి. సీసాని వాల్చి లోపలి గాలి బుడగ పోయేదాకా ముంచండి, బుడగ ఉన్నచోట మరిగే నీళ్లు తగలవు. నీళ్లు మరగడం మొదలయ్యాక పది నిమిషాలు లెక్కపెట్టండి, పొయ్యి వెలిగించినప్పటి నుంచి కాదు. ప్లాస్టిక్ భాగాలు గిన్నె అడుగుకి ఆనకుండా చూడండి, కరిగి వంకరపోతాయి. పట్టకారుతో తీసి నీళ్లు దులిపేయండి. గుడ్డతో తుడవొద్దు, మీరు ఇంతసేపు పోగొట్టిందంతా ఆ గుడ్డతో మళ్లీ ఎక్కుతుంది. వెంటనే వాడకపోతే పీక లోపలికి పెట్టి మూతతో సహా బిగించి ఉంచండి.

ప్రశ్న అడిగినవారు:
మాత్రలు వేసి నానబెట్టే పద్ధతి ఉందట కదా? రాత్రిళ్లు కరెంటు ఉండదు, పొయ్యి దగ్గర నిలబడే ఓపికా ఉండదు.

జవాబు (నర్సు):
అదీ మంచి పద్ధతే. పాలసీసాల కోసమే అమ్మే క్లోరిన్ మాత్రలు గానీ ద్రావణం గానీ తీసుకోండి. ఎన్ని లీటర్లకి ఒక మాత్ర అన్నది ప్యాకెట్ మీద ఉన్నట్టే పాటించాలి. చన్నీళ్లలోనే కలపాలి. కనీసం 30 నిమిషాలు మునిగి ఉండాలి, పైన ప్లేటు లాంటిది బరువుగా పెడితే పీకలు తేలవు. 24 గంటలకు ఒకసారి ద్రావణం మార్చేయండి. మధ్యలో ఒక కొత్త సీసా వేస్తే లెక్క మళ్లీ మొదటినుంచి, అరగంట. స్టీలు చెంచాలూ గిన్నెలూ అందులో వేయొద్దు, తుప్పు పడతాయి. తీశాక దులిపి వాడొచ్చు. వాసన నచ్చకపోతే కాచి చల్లార్చిన నీళ్లతోనే తొలపండి, కుళాయి కింద పెడితే పనంతా వృథా. బట్టలకి వాడే బ్లీచ్ మాత్రం వద్దే వద్దు, అందులో సెంటు, ఇతర రసాయనాలు ఉంటాయి.

రాత్రికి ఫ్లాస్కు దారి చూపిస్తుంది. మీరు చల్లార్చి పోసుకుంటున్నారు కదా, అలా కాకుండా మరిగిన నీళ్లనే శుభ్రమైన ఫ్లాస్కులో నిండుగా పోసి బిగించండి. ఆ ఫ్లాస్కులో కాఫీ, టీ పోయకూడదు. ఎన్ని గంటల దాకా 70 నిలబెడుతుందో థర్మామీటరుతో ఒకసారి చూసుకుంటే ఆ లెక్క మీకు ఎప్పటికీ పనికొస్తుంది. సగమే నింపితే త్వరగా చల్లారుతుంది. పొడిని కొలిచి, మరిగించి ఆరబెట్టిన చిన్న డబ్బాల్లో పెట్టుకోండి. ప్రయాణానికీ ఇదే మేలు. కలిపిన పాలని వెచ్చగా సంచిలో మోసుకెళ్లడం అన్నిటికంటే ప్రమాదం.

జవాబు (ఇంకో సభ్యురాలు):
కొలత గురించి ఎవరూ చెప్పలేదు. కొన్ని డబ్బాలకు 30 మి.లీ.కి ఒక స్కూపు, కొన్నిటికి 60 మి.లీ.కి ఒకటి. కాబట్టి పాత డబ్బా స్కూపు కొత్త డబ్బాలో వేసి వాడొద్దు. శుభ్రమైన పొడి కత్తితో పైన గీసి సమం చేయండి, కుక్కొద్దు, గుట్టగా తీయొద్దు. సీసాని బల్ల మీద పెట్టి, కళ్లు గీత దగ్గరికి వంచి చూడండి. 90 మి.లీ. నీళ్లలో మూడు స్కూపులు వేస్తే పాలు దాదాపు 100 మి.లీ. అవుతాయి. పొడి ముందు వేసి 90 గీత దాకా నీళ్లు పోస్తే నీళ్లు తక్కువై పాలు చిక్కబడతాయి. చిక్కనైతే మలబద్ధకం, ఒంట్లో నీరు తగ్గి ఉప్పు పెరగడం. డబ్బా ఎక్కువ రోజులు రావాలని పలచన చేస్తే ఇంకా ప్రమాదం, రక్తంలో సోడియం పడిపోయి ఫిట్స్ రావొచ్చు, బరువూ పెరగరు.

ప్రశ్న అడిగినవారు:
తాగగా మిగిలినవి ఎంతసేపు ఉంచొచ్చు? ఫ్రిజ్‌లో పెడితే?

జవాబు (నర్సు):
నోరు పెట్టిన సీసాలో మిగిలినవి పారబోయడమే, ఫ్రిజ్‌లో కూడా పెట్టొద్దు. లాలాజలం కలిసింది కదా. ముట్టుకోని పాలైనా కలిపిన రెండు గంటల్లోపు అయిపోవాలి. తప్పనిసరైతే, కలిపిన వెంటనే చల్లార్చి, 5 డిగ్రీలు దాటని ఫ్రిజ్‌లో, తలుపులో కాకుండా వెనకవైపు పెడితే 24 గంటలు ఉంచొచ్చు. తీశాక వేడినీళ్ల గిన్నెలో పావుగంటకు మించకుండా వెచ్చచేయండి. మైక్రోవేవ్‌లో పెట్టకండి, సీసా పైకి చల్లగానే అనిపిస్తుంది, లోపల అక్కడక్కడ నోరు కాలేంత వేడి ఉంటుంది. మూడు నెలల లోపు బిడ్డకి 38 డిగ్రీల జ్వరం వచ్చినా, పాలు తాగకుండా నీరసంగా పడి ఉన్నా సీసా వల్లనా, నీళ్ల వల్లనా అని ఆలోచిస్తూ కూర్చోకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

ప్రశ్న అడిగినవారు:
ఇదంతా ఎన్నాళ్లు చేయాలి?

జవాబు (నర్సు):
సీసాలు మరిగించడం ఏడాది నిండేదాకా. పీకలు అంతకాలం రావు, జిగటగా తయారైనా, పగుళ్లు కనిపించినా, సీసా తిరగేస్తే చుక్కలుగా కాక ధారగా కారినా మార్చేయండి. మీరు కావాలంటే సీసా మానేసి చిన్న గిన్నెతో పట్టడం నేర్చుకోవచ్చు. దానికి సందులు ఉండవు, పీక ఉండదు, కడగడం తేలిక. వార్డులో నెలలు నిండని పిల్లలకు కూడా అలా పట్టిస్తాం. బిడ్డని నిటారుగా కూర్చోబెట్టి గిన్నె అంచు కింది పెదవికి ఆనించి వంచితే చాలు, తనే చప్పరించి తీసుకుంటుంది. నోట్లోకి పోయకండి.